ముల్లు చెప్పిన మాట

కిరసనాయిలు డబ్బాలో ఎంత వుందో తెలుసుకోవడానికి మన ఇళ్ళల్లో ఎవరూ మీటరు పెట్టుకోలేదు. చెవి పట్టుకుని డబ్బా ఒక్కసారి ఎత్తి చూసి, "ఇంకో నాలుగు రోజులకి ఢోకా లేదు" అని చెప్పేసేది ఇల్లాలు. గ్యాసు పొయ్యిలు వచ్చాక సిలిండరు ఎత్తలేం గనక, తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఎక్కడిదాకా ఆరకుండా నిలిచిందో చూడడం నేర్చుకున్నాం. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే తెలుస్తుంది. పచ్చడి జాడీ కాస్త వంచితే తెలుస్తుంది. వస్తువుకీ మనకీ మధ్య ఇంకొకరు వుండరు. వున్నదేదో కంటితోనో చేత్తోనో మనమే చూసుకుంటాం.

మోటారు కారు పుట్టిన కొత్తలో మగవాళ్ళు చేసిందీ అచ్చంగా ఇదే. 1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డు మోడల్ టి అనే కారు తెచ్చాడు. 1927లో ఆపేసేలోగా కోటీ యాభై లక్షల కార్లు అమ్మాడు. అందులో చాలా కార్లకి పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద వుండేది. పెట్రోలు ఎంత వుందో చూడాలంటే ముందు సీట్లో కూర్చున్న అమ్మగారు దిగాలి. మెత్త పక్కన పెట్టాలి. మూత తీసి, చెక్క పుల్ల ఒకటి ముంచి, తడి ఎంతవరకు అంటిందో చూడాలి. మడతలు నలగని గౌను వేసుకుని వూరేగింపుగా బయలుదేరిన దొరసాని పెట్రోలు బంకు దగ్గర రోడ్డు మీద నిలబడి, తన సీటు ఎప్పుడు తనకిస్తారా అని చూస్తుండడం మీరు వూహించుకోవచ్చు. ఆ పుల్ల మాత్రం అబద్ధం ఆడేది కాదు.

ఆ కారుకి ఇంకో చిక్కుండేది. పెట్రోలుని తోసే పంపు లేదు, ట్యాంకులోంచి ఇంజనులోకి పల్లానికి జారినట్టు జారాల్సిందే. ట్యాంకులో కొద్దిగానే వుండి, ఎదురుగా నిటారైన గుట్ట వచ్చిందనుకోండి, పెట్రోలు ఇంజనుకి అందదు. అప్పుడు కారుని వెనక్కి తిప్పి, రివర్సులో గుట్ట ఎక్కించేవారు! పుల్ల ముంచడం ఎగ్గొట్టినవాళ్ళకి గుట్టే లెక్క చెప్పేదన్నమాట.

దాని తరవాత 1927 డిసెంబరులో వచ్చిన మోడల్ ఎలో ట్యాంకుని అద్దం ముందుకి, అంటే డ్రైవరు మోకాళ్ళకి ఎదురుగా తెచ్చి పెట్టారు. ట్యాంకు వెనక గోడే డాష్‌బోర్డుకి ఆనుకుని వుండేది. లోపల బెండు ముక్క ఒకటి పెట్రోలు మీద తేలుతుంటుంది. దానికో కడ్డీ, కడ్డీకి అంకెల చక్రం. చిన్న గాజు కిటికీలోంచి ఆ అంకె కనపడుతుంది. అమ్మగారు దిగక్కర్లేదు, సీటు ఎత్తక్కర్లేదు. కాని ఒక్క సంగతి గమనించండి. ఇప్పుడు మనిషి చూసేది పెట్రోలుని కాదు, బెండుముక్క చెప్పే మాటని. మొదటి మధ్యవర్తి వచ్చేశాడు.

ఒళ్ళో పెట్రోలు పెట్టుకుని ప్రయాణం ఏమిటని, తరవాత్తరవాత ట్యాంకుని తీసుకుపోయి కారు వెనక పెట్టారు. మంచి పనే. కాని పెరట్లో జరిగేది వీధి గదిలో కూర్చున్నవాళ్ళకి తెలియాలంటే ఎవరో ఒకరు మోసుకు రావాలి కదా. 1920ల చివరా 30లలోనూ కొన్ని అమెరికా కార్లలో గాలి చేత ఈ కబురు మోయించారు. ట్యాంకు అడుగు నుంచి డాష్‌బోర్డుదాకా సన్నటి గొట్టం. ట్యాంకులో పెట్రోలు ఎంత ఎత్తుంటే గొట్టంలో గాలిని అంత గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడుకి ముందువైపు గాజుగొట్టంలో ఎర్రటి ద్రవం పైకి లేస్తుంది. జ్వరం చూసే థర్మామీటరులా ఎంతో ముచ్చటగా వుండేది. అయితే ఆ పొడుగాటి గొట్టంలో ఎక్కడైనా వెంట్రుకంత సందు పడితే చాలు, గాలి జారిపోయి, నిండు ట్యాంకుని సగం ట్యాంకని చెప్పేది.

చివరికి ఆ పని కరెంటుకి అప్పగించారు. ఇవాళ్టికీ చాలా కార్లలో నడుస్తున్నది ఆ పద్ధతే గనక కాస్త ఓపిగ్గా వినండి. ట్యాంకులో తేలే బుడ్డి ఒకటి వుంటుంది. దాన్ని ఫ్లోట్ అంటారు. పాత కార్లలో అది డొల్లగా వుండే ఇత్తడి బుడ్డి. దానికో చెయ్యి. చెయ్యి చివర చిన్న రేకు నాలుక. ఆ నాలుక సన్నని తీగ చుట్టలమీద రాసుకుంటూ పైకీ కిందకీ కదులుతుంది. పెట్రోలు దిగుతుంటే నాలుక జరుగుతుంది, కరెంటు దాటాల్సిన తీగ పొడుగు మారుతుంది, వచ్చే కరెంటు పెరగడమో తగ్గడమో అవుతుంది. ఆ కరెంటు ఒక వైరులో ప్రయాణం చేసి డాష్‌బోర్డులో ముల్లుని కదిలిస్తుంది. అంటే పెట్రోలు బుడ్డికి చెపుతుంది, బుడ్డి చేతికి, చెయ్యి నాలుకకి, నాలుక తీగకి, తీగ వైరుకి, వైరు ముల్లుకి. మన వీధిలో ఏ పెళ్ళి కబురైనా ఆరు నోళ్ళు దాటి వచ్చాక ఎలా వుంటుందో మీకు నేను చెప్పాలా?

ఈ నోళ్ళ గొడవే వద్దని ముల్లే పెట్టనివాళ్ళూ వున్నారు. జర్మనీ వాళ్ళ ఫోక్స్‌వాగన్ బీటిల్ కారుకి 1960ల మొదటిదాకా పెట్రోలు మీటరే లేదు. ఇంజను దగ్గడం మొదలుపెట్టగానే డ్రైవరు కాలితో చిన్న కుళాయి తిప్పేవాడు. అడుగున దాచిన కాస్త పెట్రోలు వచ్చేది. ఆ కాస్తలో బంకు వెతుక్కోవాలి. మన స్కూటర్లూ అంతే కదూ! ఏళ్ళ తరబడి పేరు రాయించుకుని తెచ్చుకున్న స్కూటరుకి ముల్లు లేదని ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. హేండిలు పట్టి అటూ ఇటూ వూపి, లోపల గళగళ చప్పుడు వినేవారు. బండి ఆగిపోతే రిజర్వు తిప్పేవారు. రిజర్వూ అయిపోతే, చంకలో పిల్లాడితో ఇల్లాలు దిగి పక్కన నిలబడేది, ఆయన స్కూటరుని నేలకి వంచి, మళ్ళీ నిలబెట్టి, కిక్కు కొట్టేవారు. ఆ మూలన మిగిలిన నాలుగు చుక్కలతో బండి బంకుదాకా వచ్చేసేది. స్కూటరున్న ప్రతి ఇంట్లోనూ ఈ నాటకం నడిచింది.

పెట్రోలు చవగ్గా వున్నన్నాళ్ళూ ముల్లు కాస్త అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషను వచ్చి, మన వూళ్ళ బస్సులు వెనక బొగ్గు కుంపటి తగిలించుకుని నడిచాయని మా నాన్నగారు చెప్పేవారు. మళ్ళీ 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగపట్టాయి. మూడు డాలర్లున్న పీపా 1974 జనవరికల్లా పన్నెండు డాలర్ల దాకా పోయింది. అప్పటినుంచీ కారున్న ఇళ్ళల్లో ట్యాంకు నిండుగా వుంచుకోవడం తగ్గింది. ఐదు లీటర్లు, పది లీటర్లు పోయించుకుని ముల్లు వంక చూస్తూ నడపడం అలవాటయింది. నిండు ట్యాంకు మీద ముల్లు బొంకినా చెల్లుతుంది. అడుగంటిన ట్యాంకు మీద చెల్లదు.

మా ఇంట్లో అది 1986 వేసవిలో చెల్లలేదు. మా చెల్లెలు తొలి కాన్పుకి నరసరావుపేటలో పుట్టింటికి వచ్చింది. అన్నయ్య అప్పటికి పదిరోజుల క్రితమే పాతకారు ఒకటి కొన్నాడు. అమ్మినాయన దాన్ని రెండు వానాకాలాలు షెడ్డులో పడుకోబెట్టాడట. రాత్రి పదకొండింటికి నొప్పులు మొదలయ్యాయి. పురుడు కష్టమయ్యేలా వుంది, గుంటూరు తీసుకుపొమ్మంది నర్సమ్మ. అన్నయ్య కారెక్కి ముందు ముల్లు చూశాడు. సరిగ్గా సగం. గుంటూరు నలభై అయిదు కిలోమీటర్లు కూడా వుండదు. చెల్లెలి తల అమ్మ ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. ఫిరంగిపురం దాటాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు మాత్రం సగం దగ్గరే వుంది!

ముల్లు సగం చూపిస్తుంటే పెట్రోలు అయిపోయిందని ఎవరనుకుంటారు? అన్నయ్య బానెట్టు ఎత్తి ప్లగ్గులు చూశాడు, డిస్ట్రిబ్యూటరు చూశాడు, బ్యాటరీ వైర్లు బిగించాడు. పావుగంట పోయింది. చెల్లెలు మా అమ్మ చీర కొంగు పళ్ళతో పట్టుకుని, అరవకుండా వుండాలని చూస్తోంది. చివరికి అమ్మే, "ఒరే, ఆ మూత తీసి పుల్ల పెట్టి చూడరా" అంది. రోడ్డు పక్క తుమ్మకొమ్మ విరిచి చూస్తే, కొమ్మ ఎంత పొడిగా లోపలికి వెళ్ళిందో అంత పొడిగానూ బయటికొచ్చింది.

రెండు లారీలు ఆగాయి గాని, వాటిలో వున్నది డీజిలు. ఏం లాభం? దేవుడిలా స్కూటరు మీద ఒకాయన వచ్చాడు. మా మంచినీళ్ళ చెంబులోకి రబ్బరు గొట్టంతో తన ట్యాంకులోంచి పెట్రోలు తీసి మూడుసార్లు పోశాడు. అది స్కూటరు పెట్రోలు, అందులో ఆయిలు కలిసి వుంటుంది. గుంటూరుదాకా మా వెనక తెల్లటి పొగ రోడ్డంతా కమ్మేసింది. తెల్లవారుజామున పిల్లవాడు పుట్టాడు. డాక్టరమ్మ మాతో, "ఇంకో అరగంట ఆలస్యమైతే నేను మాట ఇవ్వలేకపోయేదాన్ని" అంది. అందుకే పెట్రోలు ముల్లు కథ నాకు మగవాళ్ళ గొడవగా ఎప్పుడూ అనిపించలేదు.

వారం తరవాత గుంటూరులోనే ఒక మెకానిక్కు సాయిబుగారి దగ్గరికి కారు తీసుకెళ్ళాడు అన్నయ్య. పక్కనే నేనూ నిలబడ్డాను. ఆయన డాష్‌బోర్డు జోలికే పోలేదు. "ముల్లుని ఎందుకు తిడతారమ్మా? అది చెప్పించినట్టు చెప్పేది. ఎవరు చెప్పించారో చూద్దాం" అన్నాడు. మొదట వెనక ట్యాంకు దగ్గర వైరు పీకి, తాళంచెవి తిప్పమన్నాడు. ముల్లు ఖాళీకి పడిపోయింది. ఆ వైరు కొసని కారు బాడీకి తాకించాడు. ముల్లు నెమ్మదిగా లేచి నిండుకి వెళ్ళింది. వెంటనే తీసేశాడు. ఎక్కువసేపు తాకిస్తే మీటరులో సన్నతీగ కాలిపోతుందట. కొన్ని కార్లలో ఇది తిరగబడి వుంటుంది, తాకిస్తే ఖాళీకి పోతుంది. ఏదయితేనేం, ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకి కదిలిందంటే ముల్లూ నిర్దోషే, వైరూ నిర్దోషే. ఇక మిగిలింది ట్యాంకులో వున్నవాళ్ళు.

కదలకపోతే? అప్పుడు వైరు తెగిందేమో, కనెక్షను తుప్పు పట్టిందేమో చూడాలి. ఇంకో గుర్తు కూడా చెప్పాడు. కొన్ని కార్లలో పెట్రోలు ముల్లుకీ ఇంజను వేడి చూపే ముల్లుకీ కరెంటుని అదుపులో పెట్టి పంపే చిన్న డబ్బా ఒకటే వుంటుంది. రెండు ముళ్ళూ ఒకేరోజున పిచ్చిగా ఆడితే తప్పు ఆ డబ్బాది. ట్యాంకు విప్పడం దండగ. ఇంట్లో ఇద్దరు పిల్లలకీ ఒకేసారి విరేచనాలయితే పిల్లల్ని కాదు, పాలని అనుమానిస్తాం కదా, అలాగన్నమాట. ముల్లు ఎప్పుడూ వున్నదానికన్నా కాస్త తక్కువే చెపుతుంటే, మొదట ఎర్తు చూడాలట. ట్యాంకుకీ కారు బాడీకీ మధ్య తుప్పో రంగో అడ్డుపడితే కరెంటుకి తిరిగి వెళ్ళే దారి ఇరుకవుతుంది. ఉప్పుకాగితంతో గీకి వైరు బిగిస్తే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు.

మా కారుకి అంత తేలిక కాలేదు. బ్యాటరీ వైరు తీసేసి, బీడీ కాల్చే కుర్రాణ్ణి వీధి చివరికి తరిమి, ట్యాంకు మీద మరలు విప్పి ఫ్లోట్‌ని జాగ్రత్తగా బయటికి తీశాడు. చెయ్యి కీలు దగ్గర బెల్లం పాకంలా ఏదో గోధుమరంగు జిగురు. పెట్రోలు నెలల తరబడి కదలకుండా నిలవుంటే ఆవిరైపోయినంత పోగా మిగిలేది అదేనట. చెయ్యి సరిగ్గా సగం దగ్గర ఆ జిగుట్లో అతుక్కుపోయింది. పైన పెట్రోలున్నా లేకున్నా దాని మాట సగమే. పెట్రోలులోనే తడిపి, పాత పళ్ళ బ్రష్షుతో తోమి, చెయ్యి నూనె రాసిన ఉయ్యాల గొలుసులా ఆడేదాకా వదల్లేదు సాయిబుగారు. తరవాత తీగ చుట్టల్ని ఎండలోకి తిప్పి చూపించాడు. నాలుక ఏళ్ళ తరబడి రాసుకుని ఒకచోట తీగ అరిగింది. అక్కడికి రాగానే ముల్లు ఉలిక్కిపడి దూకుతుందట. "ఇది ఇంకో రెండేళ్ళు నడుస్తుంది, ఆనక యూనిట్టు మార్చండి" అన్నాడు.

అప్పుడు ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టుకుని వూపాడు, కొబ్బరికాయని చూసినట్టు. మాది బాగానే వుంది. వేరే కారుది చూపించాడు, లోపల గళగళమంటోంది. ఇత్తడి బుడ్డికి కంటికి కనపడని చిల్లి పడితే పెట్రోలు లోపలికి చేరి బుడ్డి మునుగుతుంది. నిండు ట్యాంకుతో వున్నా ముల్లు ఖాళీ అంటుంది. వేడినీళ్ళలో ముంచితే చిల్లి దగ్గర బుడగలు లేస్తాయి. లోపలి పెట్రోలు వంపేసి, వాసన కూడా లేకుండా ఎండనిచ్చి, అప్పుడు బిందెకి మాటు వేసినట్టు మాటు వెయ్యాలి. లోపల పెట్రోలు ఆవిరి వుండగా వేడి తగిలిస్తే బుడ్డి చేతిలోనే పేలుతుంది. మాటు మరీ మందంగా పెడితే బుడ్డి బరువెక్కి మళ్ళీ తక్కువ చెపుతుంది. "మాటు పడ్డట్టే కనిపిస్తుందమ్మా, లోపల పట్టదు. ఆ మాటే ప్రాణం తీస్తుంది" అన్నాడాయన.

ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో గాని, అంతకి మూడేళ్ళ ముందు కెనడాలో సరిగ్గా అలాంటి మాటే అరవైతొమ్మిదిమంది ప్రాణాల మీదికి తెచ్చింది. 1983 జులై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్‌కి బయలుదేరింది. కొత్త విమానం. ఇంధనం లెక్క చెప్పే కంప్యూటరు పెట్టెలో ఒకచోట టంకం సరిగా పట్టలేదు. ఇంధనం మీటర్లు మూగబోయాయి. అప్పుడు వాళ్ళూ ఫోర్డు కారు కాలానికే వెళ్ళారు. రెక్కల కింద వుండే కొలబద్దలతో కొలిచారు. 7,682 లీటర్లు వున్నట్టు తేలింది. అంతవరకూ అంతా నిజమే.

చిక్కు తరవాత వచ్చింది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటర్లని బరువులోకి మార్చాలి. కెనడా అప్పుడప్పుడే పౌన్లు వదిలి కిలోలకి మారుతోంది. లీటరు ఇంధనం 0.8 కిలో వుంటుంది. వీళ్ళు 1.77తో గుణించారు. అది లీటరుకి ఎన్ని పౌన్లో చెప్పే అంకె! దాంతో ఆరువేల పైచిలుకు కిలోలున్న ట్యాంకులో పదమూడువేల కిలోలకి పైగా వున్నాయనుకున్నారు. ఇంకో ఇరవైవేల లీటర్లు పోయించుకోవాల్సింది, 4,916 లీటర్లతో సరిపెట్టారు. మన దేశంలో 1960 ప్రాంతాల వీశెలు పోయి కిలోలు వచ్చినప్పుడు మా అమ్మమ్మ కొట్టువాడితో నెలకోసారి యుద్ధం చేసేది. వీశె అంటే ఇంచుమించు కిలో నాలుగువందల గ్రాములు. వీశె ఆలోచనతో కిలో తెస్తే పప్పు నెలాఖరుదాకా రాదు. మా అమ్మమ్మ పప్పు నేలమీద అయిపోయింది. వాళ్ళ ఇంధనం 41 వేల అడుగుల ఎత్తున అయిపోయింది.

రెండు ఇంజన్లూ ఒకదాని వెనక ఒకటి ఆగాయి. కెప్టెన్ పియర్సన్‌కి ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అనుభవముంది. పక్కనున్న క్వింటల్ ఒకప్పుడు గిమ్లీ అనే చోట వైమానిక దళంలో పనిచేశాడు. అక్కడ రన్‌వే వుందని ఆయనకి గుర్తు. ఆ స్థావరం మూసేశారని, ఆ రోజు అక్కడ కార్ల పందాలు జరుగుతున్నాయని, పిల్లా పాపలతో జనం కూడి వున్నారని తెలియదు. చప్పుడు లేకుండా గాలిపటంలా జారుతూ వచ్చిన విమానం ముందు చక్రం సరిగా దిగక, ముక్కు నేలకి రాసుకుంటూ నిప్పులు రాల్చుకుంటూ ఆగింది. ఒక్క ప్రాణం పోలేదు. ఆ విమానానికి మరమ్మతు చేసి మరో పాతికేళ్ళు, 2008దాకా నడిపారు.

సాయిబుగారు పని ముగించాక అన్నయ్యతో ఒక పని చేయించాడు. ట్యాంకు ఖాళీ చేసి, అయిదేసి లీటర్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ ముల్లు ఎక్కడ నిలబడిందో చూడమన్నాడు. నేను అట్టముక్క మీద రాశాను. మొదటి అయిదు లీటర్లకి ముల్లు కదల్లేదు. తరవాత గబగబా ఎక్కింది. సగం గీత దగ్గర వున్నది నిజంగా సగానికి తక్కువే. ట్యాంకు పెట్టెలా చదరంగా వుండదు. కింద ఇరుకు, మధ్యలో వెడల్పు, పైన ఇంకో వంపు. బుడ్డికి ఎత్తు తెలుసు గాని వంపులు తెలియవు. ఆ అట్టముక్క కారు అమ్మేసేదాకా అద్దం పక్కనే వుంది. దాని పక్కన, మూత మెడ దాటి తిన్నగా దిగేలా చెక్కించిన ఒక టేకు పుల్ల కూడా వుండేది. అది మా అమ్మ పెట్టించింది.

ఆ తెల్లవారుజామున పుట్టినవాడు ఇప్పుడు తన కారు తనే నడుపుకుంటున్నాడు. దాన్లో ముల్లుకి తోడు ఒక అంకె వెలుగుతుంది, ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్ళొచ్చో చెపుతుంది. మొన్న గుంటూరు దారిలోనే 43 అని చూపించింది. "ఇది ట్యాంకులోకి ఎలా చూస్తుందిరా?" అని అడిగాను. "అదే ఫ్లోట్ పెద్దమ్మా, ప్లాస్టిక్‌ది. ఎంత తాగుతోందో కంప్యూటరు లెక్కేసి చెపుతుంది" అన్నాడు. వెనక సీట్లోంచి మా చెల్లెలు, "ముందు బంకు దగ్గర ఆపు" అంది.